కేటగిరీ: తల్లి

ఫిబ్రవరి 6, గురువారం

పాస్‌పోర్టు వచ్చేసింది. వీసా లోపలే ఉంది.

కౌంటర్లో కవరు చింపలేదు. బస్సులోనూ చింపలేదు. ఇంటికొచ్చి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, అప్పుడు తీశాను. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పని కదా, నా చేతులకి ఎప్పుడూ ప్లాస్టరు పొడే. నా పేరు, నా పుట్టిన తేదీ, నా ఫొటో. ఫొటోలో ఎవరితోనో గొడవకి బయల్దేరినట్టున్నాను. ఉండనీ.

మూడేళ్ళు ఫోన్లో కాపురం చేశాం. ఇక చాలు.

లిఫ్టుకి ఫోన్ చేశాను. లిఫ్టు అంటే మా ఆయన. అక్కడ లిఫ్టులు బాగుచేస్తాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు. మీరూ గారూ అనడం మొదట్నుంచీ నా నోటికి రాలేదు. పేరు పెట్టి పిలిస్తే అత్తయ్య ఊరుకునేది కాదు. మధ్యేమార్గంగా లిఫ్టు ఖాయమైంది. ఫోనెత్తేసరికి ఏదో పన్నెండంతస్తుల బిల్డింగులో, ఆగిపోయిన లిఫ్టు పైకప్పు మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిందన్నాను. ముక్కు చీదిన చప్పుడు వినపడింది, ఏడుస్తున్నాడు. లోపల ఇరుక్కున్నవాళ్ళు తియ్యండి బాబూ అని తలుపు బాదుతున్నారట, ఈయన పైన కూర్చుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ముందు వాళ్ళ సంగతి చూడమని పెట్టేశాను.

ఫిబ్రవరి 8, శనివారం

సంబరం రెండు రోజులు నిలవలేదు.

మా ఆడపడుచు వచ్చింది. లిఫ్టుకి చెల్లెలు, మందుల షాపులో ఉద్యోగం. సీసాల మీద చీమ తలకాయంత అక్షరాలు చదివి చదివి అదే జబ్బయిపోయింది, ఏ కాగితం చేతికిచ్చినా చివరిదాకా చదవందే వదలదు. వీసా చూపిస్తే ముందు నా ఫొటో చూసి నవ్వింది. తర్వాత చదవడం మొదలుపెట్టింది. తర్వాత నవ్వడం మానేసింది. కేటగిరీ దగ్గరున్న కోడ్ తేడాగా ఉందేంటి వదినా అంది. ఫోన్లో వెతికింది. పౌరుడి భార్యకి ఒక కోడ్ ఇస్తారు, పౌరుడి తల్లికి ఇంకొకటి ఇస్తారు. నాకు రెండోది ఇచ్చారు.

అంటే ఆ దేశం దృష్టిలో నేను లిఫ్టుకి తల్లిని.

అప్పుడు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. సోఫా మీద పడి, పొట్ట పట్టుకుని. ఆ రకంగా తనకీ నేను అమ్మనే కాబట్టి ఇకనుంచి గారాబం చెయ్యాలట, ముందు టీ పెట్టాలట. పెట్టాను గానీ ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళుగా వింటున్నాను ఈ గోల. బట్టల షాపులో మీ తమ్ముడుగారికి ఈ రంగు బాగుంటుందన్నారు. కళ్ళ డాక్టరు దగ్గర పేషెంటు అక్కగారు మీరేనా అన్నారు. అక్క దాకా ఎలాగో సర్దుకున్నాను. ఇప్పుడు ఏకంగా ఒక ప్రభుత్వం పూనుకుని, ముద్ర వేసి మరీ అమ్మని చేసింది.

అద్దంలో చూసుకున్నాను. జుట్టుకి రంగు వేసుకోవాలి, అది నిజమే.

ఫిబ్రవరి 9, ఆదివారం

లిఫ్టు ఏమన్నాడో ఈరోజే రాసుకోవాలి, రేపైతే నేనే నమ్మను. వచ్చెయ్యమన్నాడు. నీ పేరుంది, నీ ఫొటో ఉంది, గేటు దాటాక మిగతాది చూసుకుందాం అన్నాడు.

అక్కడ దిగాక ఆఫీసరు నన్ను, ఇతను నీకేమవుతాడు అని అడిగితే ఏం చెప్పాలి అన్నాను. కొడుకంటే నేనాడింది అబద్ధం. మొగుడంటే వీసా అబద్ధం. ఏదన్నా వెనక్కి పంపేస్తారు, పైగా మోసం చేసి రాబోయిందన్న మచ్చ పడుతుంది. ఒకవేళ ఎవరూ ఏమీ అడక్కుండా వదిలేశారే అనుకో, అదింకా ఘోరం. అక్కడ ఉన్నన్నాళ్ళూ నీకు తల్లిగా బతకాలి. నాకక్కర్లేదు. ఇది వెనక్కిచ్చేసి, సరిచేయించుకుని, నీ పెళ్ళాంగానే వస్తాను. లేకపోతే రానే రాను.

దానికి, తల్లి కేటగిరీ అంత తేలిగ్గా దొరకదు తెలుసా అన్నాడు. గొంతు అదోలా ఉంది. సిగ్నల్ బాగాలేదనుకున్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం

ల్యాబులో పెద్దాయనకి చెప్పాను. ల్యాబు ఆయనదే. వీసా ఇంటర్వ్యూ అయిన మర్నాడే నేను తొందరపడి నోటీసు ఇచ్చేశాను, నా బల్లకి కొత్త మనిషిని కూడా పెట్టేశారు. నగల పని మానేసి వచ్చినాయన. నగలాయన అంటున్నాం. చెయ్యి మంచిదే. కానీ దవడ పన్నుని కూడా ముక్కుపుడకలా మెరిపిస్తాడు. నోరు తెరిస్తే లైటు వేసినట్టుంటుంది. పళ్ళు పళ్ళలాగే ఉండాలి, కొంచెం మొద్దుగా, కొంచెం పసుపుగా, అని రోజూ చెప్తున్నాను.

పెద్దాయన అంతా విని, ఇలాంటివి పళ్ళలోనూ జరుగుతాయన్నాడు. నేను చేరకముందు ఒకసారి చీటీలు మారి, ఒకావిడ పళ్ళ సెట్టు ఎవరో రిటైరైన డ్రైవరుకి వెళ్ళిందట. ఆయన వారం రోజులు అదే పెట్టుకుని, కొంచెం బిగువుగా ఉన్నా నవ్వు బాగుందని తిరిగివ్వనన్నాడట. నీ పని తేలేదాకా ఇక్కడే ఉండు, ఇద్దరికి సరిపడా నోళ్ళు ఊళ్ళో ఉన్నాయన్నాడు. పెద్ద బరువు దిగింది.

ఫిబ్రవరి 13

వీసా ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను. మర్యాదగానే రాశాను. ఆడపడుచు అందులో రెండు వాక్యాలు కొట్టేసింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

జవాబొచ్చింది. మూడే మూడు లైన్లు.

పౌరుడి తల్లి ఫైలు మీద వీసా సక్రమంగానే జారీ చేశాం అన్నారు. పౌరుడి భార్య ఫైలు పోయిన సెప్టెంబరులోనే మూసేశాం అన్నారు. కారణం కూడా రాశారు. దరఖాస్తుదారు మరణించారట.

అంటే నేను. సెప్టెంబరులో. ఆ నెలంతా రోజూ పనికెళ్ళాను, బాగా గుర్తు.

ఫిబ్రవరి 22, శనివారం

లిఫ్టు పాత మెయిళ్ళు తీసి పంపాడు, సంగతి తేలింది.

అత్తయ్య పోయిన ఆగస్టులో పోయింది. నాకూ ఆవిడకీ లిఫ్టు ఒకేరోజు దరఖాస్తు పెట్టాడు, ఇద్దర్నీ ఒకేసారి తీసుకెళ్ళాలని. రెండు ఫైళ్ళకీ ఇంటిపేరొకటే, అడ్రసొకటే, నంబర్లో చివరి అంకె మాత్రం వేరు. ఆవిడ పోయాక, ఈ ఫైలు మూసెయ్యండని మరణ ధ్రువపత్రం ఆఫీసుకి పంపాలి. పంపాడు. పైన నంబరు మాత్రం నాది వేశాడు. వాళ్ళు నంబరు చూసి నన్ను మూసేశారు. అత్తయ్య ఫైలు అలా నడుస్తూనే ఉంది. జనవరిలో ఇంటర్వ్యూకి పిలిచింది దాని మీదే. పిలుపులో నంబరే గానీ పేరు లేదు. నేను ఎగురుకుంటూ వెళ్ళాను. నన్నడిగినవి మూడు ప్రశ్నలు. అతనెక్కడుంటాడు, ఏం పని, నిన్ను బాగా చూసుకుంటాడా. తల్లిని అడిగినా పెళ్ళాన్ని అడిగినా అవే కదా. కొత్త పాస్‌పోర్టు కాబోలనుకుని నా వివరాలు ఆ ఫైల్లోకి ఎక్కించేశారు.

నేను పోయానని నా మొగుడే స్వయంగా కబురు పెట్టాడన్నమాట.

అరిచాను. అంత పొడుగు షాఫ్టులో ఒక్క నట్టు వదులైతే చెవితో విని కనిపెడతావు, పెళ్ళానికీ అమ్మకీ తేడా కనిపెట్టలేవా అన్నాను. నిన్ను కాదు, నీ చేతికి ఫోనిచ్చినవాణ్ణి అనాలి అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. కింది వాటా ఆవిడ పైకొచ్చి తలుపు తట్టి, అంతా క్షేమమేనా అంది. నేను పోయి ఆర్నెల్లవుతోందండీ అన్నాను. పాపం, బిత్తరపోయి దిగిపోయింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

లిఫ్టు పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నాడు. ఎత్తలేదు. పోయినవాళ్ళు ఫోనెత్తరు.

ఫిబ్రవరి 25, మంగళవారం

ఆడపడుచు వచ్చి చాలాసేపు ఊరికే కూర్చుంది. అది ఆవిడకి చాలా కష్టమైన పని. తర్వాత, అన్నయ్య ఆ మెయిల్ ఎక్కణ్ణుంచి పంపాడో తెలుసా వదినా అంది.

ఆసుపత్రి నుంచి. అప్పటికి లిఫ్టు గుంతలో పడి కాలు విరిగి, ఆపరేషనై మంచం మీదున్నాడు. అమ్మ పోయిందంటే లేచి రాలేకపోయాడు. ఇక్కడ అంతా నేనూ ఆడపడుచే చూసుకున్నాం. వారం తిరక్కుండా తనే ధ్రువపత్రం ఫొటో తీసి అన్నయ్యకి పంపింది, ఎప్పుడైనా వీలున్నప్పుడు పంపించమని. వీలున్నప్పుడు అంటే ఆయన ఆ నిమిషమే పంపేశాడు. మందుల మత్తులో. అమ్మ కోసం తను చెయ్యగలిగింది అదొక్కటే మిగిలిందని అన్నాడట.

ఇవేవీ నాకు తెలియనివి కావు. కాలు విరగడం తెలుసు, రాలేకపోవడం తెలుసు. ఈ మెయిల్‌ని తీసుకెళ్ళి ఆ మంచం పక్కన పెట్టి చూడలేదు. ఇప్పుడు కళ్ళ ముందు కనిపించింది, కట్టు కట్టిన కాలూ, ఛాతీ మీద ఫోనూ. ఏడుపొచ్చింది. ఆడపడుచు కూడా ఏడ్చింది. తర్వాత గుడ్లు వేయించుకుని తిన్నాం.

నేనే ఫోన్ చేశాను. లేచి వచ్చానని చెప్పాను.

మార్చి 1, శనివారం

అపాయింట్‌మెంట్ కోసం ఆడపడుచూ నేనూ వారమంతా సాయంత్రాలు కంప్యూటరు ముందే. భార్య ఫైలు నంబరు కొడితే, దరఖాస్తుదారు మరణించినందున అపాయింట్‌మెంట్ ఇవ్వబడదు అని ఎర్రగా వస్తుంది. ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ తీసుకుని రమ్మంటారు. చివరికి విసుగొచ్చి ఆడపడుచు అత్తయ్య నంబరు కొట్టింది. వెంటనే పచ్చగా వెలిగింది. పన్నెండో తారీఖు, ఉదయం.

అంటే నేను తల్లిని కాదు మొర్రో అని చెప్పడానికి తల్లిగా వెళ్ళాలి. కారణం అన్నచోట ఏదో ఒకటి ఎంచుకోవాలి. పాస్‌పోర్టు పోయింది, అడ్రసు మారింది, పేరు మారింది, ఇలా ఉన్నాయి. బతికున్నాను అనేది లేదు. ఇతరములు నొక్కాం.

మార్చి 6, గురువారం

ఈమధ్య అత్తయ్య తెగ గుర్తొస్తోంది. ఆవిడ వీసా నా సంచిలో ఉందిగా మరి.

ఆవిడ పళ్ళ సెట్టు నేనే చేశాను. మూడుసార్లు చేశాను. మొదటిది మరీ తెల్లగా ఉందంది, బడిపిల్లలా ఉన్నానంది. రెండోదానికి వంకే లేదు, అదే దాని వంక, తన అసలు పళ్ళలో ముందుది కాస్త పక్కకి తిరిగి ఉండేదట, అదేదీ అంది. పళ్ళు అమర్చే మైనం మెత్తగా ఉండగానే ఆ పన్నుని చిటికెనవేలితో కొంచెం తిప్పి మూడోది చేశాను. అద్దంలో చూసుకుని, ఇది నేనే అంది. ఇదంతా వీసా ఫొటో కోసం. తీరా స్టూడియోకి వెళ్తే పళ్ళు కనపడకూడదు, నోరు మూసుకోండమ్మా అన్నాడు ఫొటో ఆయన. ఇంత చేయించుకుని నోరు మూసుకోవాలా అని ఆవిడ చేసిన గొడవకి ఆ వీధంతా వచ్చి చూసింది. ఇంటికొచ్చి నన్ను తిట్టింది, రూలు ముందే కనుక్కోవద్దా అని. తర్వాత నెలరోజులు ఎదురింటివాళ్ళకి, పక్కింటివాళ్ళకి, పాలాయనకి నవ్వి చూపించింది.

కొడుకు బాగుచేసిన లిఫ్టులన్నీ ఎక్కి చూడాలని ఆవిడ కోరిక. ఇక్కడ లిఫ్టు ఎక్కితే నా మోచెయ్యి వదిలేది కాదు. అక్కడ వాడు బిగించిన నట్టులు కాబట్టి భయం లేదనేది.

నాకు ఆవిడంటే చాలా ఇష్టం. బతికుండగా ఎప్పుడూ చెప్పలేదు. చెప్తే పళ్ళు తీసి డబ్బాలో పెట్టుకుని, ఏంటి విషయం, ఏం కావాలి అనేది.

మార్చి 12, బుధవారం

వెళ్ళొచ్చాను.

గాజు కిటికీ వెనక ఒకమ్మాయి. ముఖం చూస్తే పనిమంతురాల్లా ఉంది. మొత్తం కథ చెప్పాను. మధ్యలో ఆపలేదు, నవ్వలేదు, దానికి నాకు ఆ అమ్మాయి మీద గౌరవం కలిగింది. ముందు మీరు మీరేనని తేలాలి అంది. వేళ్ళు పెట్టమంది.

పడలేదు. ఇరవయ్యేళ్ళుగా పాలిష్ చక్రం దగ్గర అరిగిన వేళ్ళు, వాటి మీద గీతలెక్కడున్నాయి. తుడుచుకోమంది, నొక్కమంది, గట్టిగా నొక్కమంది, అంత గట్టిగా వద్దంది. లోపల్నుంచి ఏదో చేతికి రాసుకునే క్రీమ్ తెచ్చిచ్చింది, తన సొంతం అనుకుంటా, మల్లెపూల వాసన. చివరికి కుడి బొటనవేలు కరుణించింది. జనవరిలో ఇంటర్వ్యూ రోజున కూడా పడింది ఆ ఒక్కటేనట. రెండూ కలిశాయి. అమ్మాయి తెర చూసింది, నన్ను చూసింది. ఫైలు మొదట్లో వయసు డెబ్భై ఆరని ఉందే, మీరలా లేరు అంది. ఈ మధ్య నన్నెవరూ ఇంత మెచ్చుకోలేదని చెప్పాను. అప్పుడు నవ్వింది.

వీసా రద్దు చేసి పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంచుకున్నారు. పెళ్ళి రిజిస్ట్రేషన్ తీసుకున్నారు. ఇంకొకటి కావాలట. పోయింది నా తల్లి, నా భార్య కాదు, నంబరు నేనే తప్పు వేశాను అని లిఫ్టు రాసి సంతకం పెట్టి పంపాలి. కింద నేనూ సంతకం పెట్టాలి. అది అందితేనే నా ఫైలు మళ్ళీ తెరుస్తారు, ఆవిడది మూస్తారు. తెరిచాక ఎన్నాళ్ళు పడుతుందంటే చెప్పలేనంది. నెలల్లో తేలినవీ ఉన్నాయి, ఏళ్ళు పట్టినవీ ఉన్నాయట.

చేతిలో ఇప్పుడు ఏ వీసా లేదు. అయినా తేలిగ్గానే ఉంది. బస్సులో వేళ్ళు వాసన చూసుకుంటూ వచ్చాను.

మార్చి 19, బుధవారం

లిఫ్టు ఇంకా పంపలేదు. ఒక వాక్యం. ఒక సంతకం. మొదట ప్రింటరు పనిచెయ్యట్లేదన్నాడు. తర్వాత ఓవర్‌టైమన్నాడు. నిన్న మళ్ళీ ప్రింటరన్నాడు.

మార్చి 22, శనివారం, ఉదయం

ఈరోజు గట్టిగా అడిగేశాను. నేను రావడం నీకు ఇష్టం లేదా అన్నాను. ఇంకెవరైనా ఉంటే చెప్పు, ఎలాగూ భార్య పోయిందని రాసి పెట్టావు, దారి శుభ్రంగా ఉంది అన్నాను. పొడవాలనే అన్నాను.

అప్పుడు చెప్పాడు. ఆ కాగితం రాయడానికి కూర్చుంటాడట. చెయ్యి కదలదట. ఆ ఆఫీసు కంప్యూటరులో అమ్మ ఇంకా ఉందన్నాడు. ఫైలు నడిచింది, పాసైంది, ఓకే అయింది. అన్నేళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి వచ్చేసింది. తను ఆ వాక్యం రాసి పంపితే ఎవరో బటన్ నొక్కుతారు, అయిపోతుంది. పిచ్చితనమని తనకీ తెలుసన్నాడు. నువ్వు అందరికన్నా ముఖ్యం, అదీ తెలుసన్నాడు. ఇంకో రెండు రోజులు ఉండనివ్వవా అన్నాడు.

ఆ రోజు ఆ వీసా మీదే వచ్చెయ్యమని ఎందుకన్నాడో, గొంతు ఎందుకలా మారిందో, ఇప్పుడర్థమైంది. ఇక్కడ మేమిద్దరం ఆవిణ్ణి చూశాం, పక్కన కూర్చున్నాం, సాగనంపాం. తనకి ఏం దొరికింది? ఫోన్లో ఒక ఫొటో, అది కూడా ధ్రువపత్రానిది.

ఉండనివ్వు, నీ ఇష్టం వచ్చినన్ని రోజులు ఉండనివ్వు అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఫోన్ పెట్టేశాక కొంచెం భయమేసింది, అది కూడా నిజమే. ఎన్ని రోజులో.

అదే రోజు, సాయంత్రం

మళ్ళీ చేశాడు. అమ్మ కబుర్లు చెప్పమన్నాడు. ఆఖరి రోజులవి. ఇన్నాళ్ళూ తను అడగలేదు, నేను చెప్పలేదు. అన్నీ చెప్పాను. ఏం తింది, ఏం వద్దంది, నర్సుని ఏమని తిట్టింది, ఏ వైపు తిరిగి పడుకుంది. నీ కాలు గురించి అబద్ధం చెప్పాం, డ్యూటీలో ఉన్నాడన్నాం, నమ్మనట్టే చూసి నమ్మినట్టు తలూపింది అని చెప్పాను. తను మధ్యమధ్య ఊఁ కొట్టాడు. ఆవిడ వీసా మీద నా ఫొటో వేశారని తెలిస్తే మాత్రం అక్కణ్ణుంచే దిగొచ్చి మనిద్దర్నీ ఉతికేసేది అన్నాను. నవ్వాడు. ముక్కు ఎగబీలుస్తూ నవ్వాడు.

మార్చి 24, సోమవారం

కాగితం మెయిల్లో వచ్చింది. అడిగిన వాక్యం కింద, అడక్కపోయినా ఇంకొకటి రాశాడు. ఆమె ప్రయాణానికి సిద్ధంగా ఉండింది అని.

ల్యాబులో నా పాత బల్ల దగ్గరే కూర్చుని సంతకం పెట్టాను. అత్తయ్య మళ్ళీ పోయింది. ఈసారి కొడుకు పక్కనే ఉన్నాడు. ఆడపడుచు మధ్యాహ్నం షాపు నుంచి పర్మిషన్ పెట్టి వచ్చి, నాతో పాటు ఆఫీసుకొచ్చి కాగితం ఇచ్చింది.

ఏప్రిల్ 17

ఏమీ లేదు. బాగానే ఉంది.

మే 3, శనివారం

అద్దె ఇల్లు ఎప్పుడో ఖాళీ చేస్తానని మాటిచ్చాను కాబట్టి చేసేసి, ఆడపడుచు ఇంట్లోకి మారాను. ఒక గది నాది. కిటికీలోంచి ఎవరిదో డాబా, దాని మీద ఆరేసిన దుప్పట్లు. పొద్దున్నే తను మందుల షాపుకి, నేను పళ్ళకి. సాయంత్రం ఇద్దరం కాళ్ళు బల్ల మీద పెట్టుకుని టీవీలో వంటల పోటీ చూస్తూ, వాళ్ళని తిడుతూ, మేం మాత్రం బ్రెడ్డు తింటాం. తను నన్ను ఇంకా అమ్మా అనే పిలుస్తోంది, కావాలని. ముసలిదాన్నని ఇంట్లో నీళ్ళ బిందె కూడా ఎత్తనివ్వట్లేదు. నేను అడ్డు చెప్పట్లేదు.

నిజం చెప్పాలంటే ఈ నెలలు బాగున్నాయి. ఎదురుచూడటం నరకం అంటారు. పగలంతా పనీ, సాయంత్రం తగువులాడటానికి ఒక మనిషీ ఉంటే అంత నరకమేం కాదు. లిఫ్టు రోజూ చేస్తున్నాడు. ఇప్పుడు వాళ్ళమ్మ కబుర్లు తనే చెప్తున్నాడు, చిన్నప్పటివి. నాకు తెలియనివి చాలా ఉన్నాయి. రాత్రిపూట మాత్రం ఒక్కోసారి ఏళ్ళు పట్టినవీ ఉన్నాయన్న మాట గుర్తొస్తుంది. అటు తిరిగి పడుకుంటాను.

నగలాయన ఈరోజు ఒక దవడ పన్ను చేసి చూపించాడు. మొద్దుగా, పసుపుగా, అద్భుతంగా ఉంది. ఇక నేను వెళ్ళిపోవచ్చన్నాడు. వీసా ఆఫీసుకి ఆ మాట చెప్పమన్నాను.

మే 29, గురువారం

వచ్చింది. ఆడపడుచు చదివింది. మొదటినుంచి చివరిదాకా, మళ్ళీ చివరినుంచి మొదటిదాకా. సరిగ్గా ఉంది వదినా అంది.

మళ్ళీ వదిననయ్యాను.

జూన్ 15, ఆదివారం

దిగాను. రాయాల్సింది చాలా ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ముఖ్యమైనది మాత్రం రాస్తాను.

కౌంటర్లో ఆఫీసరు బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. పాస్‌పోర్టు తీసుకుని తెర చూస్తూ ఉండిపోయాడు. నా వెనకున్న లైనంతా పక్క లైన్లోకి మారిపోయింది. ఇక్కడ మీ గురించి ఏదో విచిత్రంగా ఉందే అన్నాడు. తెలుసు, సరిచేశారు, కింద చూడండి అన్నాను. కింద చూశాడు. ఇంకా కిందికి చూశాడు. వేలు పెట్టమన్నాడు. మిగతావి దండగ, ఇదొక్కటే పడుతుందని కుడి బొటనవేలు పెట్టాను. పడింది.

మిమ్మల్ని తీసుకెళ్ళడానికి ఎవరొచ్చారు అన్నాడు. నా భర్త అన్నాను. ఇన్ని నెలలు ఇంతమంది చుట్టూ తిరిగింది ఆ మాట అక్కడ నిలబడి గొంతు తడబడకుండా అనడానికే. తీరా తడబడింది. పెళ్ళై ఎన్నాళ్ళయిందన్నాడు. తొమ్మిదేళ్ళు దాటింది, అందులో మూడేళ్ళ పైన ఫోన్లో అన్నాను. ముద్ర కొట్టాడు.

బయట లిఫ్టు నిలబడి ఉన్నాడు. కొద్దిగా కుంటుతున్నాడు, ఆ విషయం నాకెప్పుడూ చెప్పలేదు. చూడగానే తిట్టాను. తర్వాత మిగతావన్నీ.

జూన్ 28

ఇల్లు నాలుగో అంతస్తు. బిల్డింగులో లిఫ్టు లేదు! ఊరందరి లిఫ్టులూ బాగుచేసేవాడు మెట్లెక్కుతూ, కుంటుతూ, ఇంటికొస్తాడు. ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుంటాడు. పక్కింటావిడ మెట్ల మీద చూసి, మీ తమ్ముడా అంది. మొగుడండీ, పత్రాలున్నాయి, చూపించమంటారా అన్నాను.

జులై 17, గురువారం

లిఫ్టు పేరు మీద ఉత్తరం. ఆ ఆఫీసుదే, కానీ ఇంకేదో విభాగం. మీ భార్య మరణానికి మా ప్రగాఢ సానుభూతి అని ఉంది. ఆలస్యానికి క్షమించమన్నారు. ఉత్తరం అందినట్టు కింది చీటీ మీద ఇంట్లో ఎవరైనా సంతకం పెట్టి పంపవచ్చట, గ్రహీతకి ఏమవుతారో మాత్రం రాయాలట.

సంతకం పెట్టాను. భార్య అని రాశాను. సాయంత్రం ఇద్దరం నడిచి వెళ్ళి పోస్టు డబ్బాలో వేసొచ్చాం.